డెంగీ పెరగడానికి కారణం ఎండలా, మన నీళ్ల డ్రమ్ములా?

వేపచెట్టు:
మా చిన్నప్పుడు డెంగీ పేరే వినలేదు. ఇప్పుడు వానాకాలం వస్తే చాలు, ప్లేట్‌లెట్లు ఎంతకి పడిపోయాయన్నదే మాట. వాతావరణం మారిందంటున్నారు. చెత్త, మురుగు పట్టించుకోని వాళ్లకి అదొక సాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

కొండమల్లి:
సాకు కాదండీ. ఖాట్మండు ఉన్నది దాదాపు 1,400 మీటర్ల ఎత్తున. నేపాల్లో డెంగీ మొదటి కేసు 2004లో. 2022లో దేశమంతా 54 వేలకు పైగా కేసులు, ఖాట్మండు లోయ అల్లాడిపోయింది. ఒకప్పుడు చలికి ఆగిన దోమ కొండెక్కింది. పైగా జబ్బుమనిషిని కుట్టగానే దోమ ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని కడుపులోంచి లాలాజల గ్రంథుల దాకా చేరాలి. వేడి పెరిగితే ఆ పని త్వరగా అవుతుంది. దోమ బతికేదే కొన్ని వారాలు, అందులో నాలుగు రోజులు కలిసొచ్చినా ఎక్కువే.

వేపచెట్టు:
మరి లారెడో సంగతి? నదికి ఇటు టెక్సాస్‌లో లారెడో, అటు మెక్సికోలో నువెవో లారెడో. ఎండావానా ఒకటే. 1999లో సర్వే చేస్తే దోమలు లారెడోలో ఎక్కువ, డెంగీ మాత్రం అవతలి ఊళ్లో ఎక్కువ. లారెడోలో ఏసీలు, మూసిన కిటికీలు. దోమకి మనిషి అందలేదు.

కొండమల్లి:
నిజమే. మనలో ఎందరికుంది ఏసీ?

డ్రమ్ముల వీధి:
మురుగు అనకండి వేపచెట్టు గారూ, డెంగీ దోమది మంచినీళ్ల కాపురం. మా వీధికి కొళాయి మూడు రోజులకోసారి, ఎండలు ముదిరితే ఐదు రోజులకి. అమ్మ నాలుగు డ్రమ్ములు నింపి పాత చీరముక్క కప్పుతుంది. నిరుడు చెల్లికి డెంగీ వచ్చాక టార్చి వేసి చూశాను. నూలుపోగుల్లా తలకిందులుగా వేలాడుతున్న లార్వాలు, వెలుగు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి జారాయి. నీళ్లు పారబోశాం. పది రోజులకి మళ్లీ అవే! గుడ్లు డ్రమ్ము లోపలి గోడకి అతుక్కుని ఉంటాయని, నెలల తరబడి ఎండినా చావవని ఆశా అక్క చెప్పింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం కొబ్బరిపీచుతో రుద్ది ఎండలో బోర్లిస్తున్నాం.
ఎండలు ముదిరితే నీళ్లు తగ్గుతాయి, నీళ్లు తగ్గితే డ్రమ్ములు పెరుగుతాయి. మీరు రెండుగా చూస్తున్నది మా ఇంట్లో ఒకటే. నీళ్లు నిలవ పెట్టొద్దని మైకులో చెప్పేవాళ్లు రోజూ కొళాయి వదిలితే మాకీ డ్రమ్ములెందుకు?

వేపచెట్టు:
మురుగు మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. చీరముక్క కప్పితే సరిపోదా?

డ్రమ్ముల వీధి:
కప్పితే చాలదండీ, చుట్టూ తాడు బిగించి కట్టాలి. మాది ఒక పక్క జారి ఉండేది.