అప్‌డేట్: ఎడమ ప్యాడిల్ నొక్కినా గేరు నిలవడం లేదన్న సంగతి

మా ఆటోమేటిక్ కారులో కొండవీడు ఘాట్ దిగేటప్పుడు స్టీరింగ్ వెనక ఎడమవైపున్న మైనస్ ప్యాడిల్ (గేరు తగ్గించే మీట) నొక్కి రెండో గేరుకి తెస్తే, కాసేపటికి కారు తనంతట తనే పై గేరుకి పోతోంది, రిపేరా అని అడిగాను కదా. రిపేరేం కాదండీ. గేరు లివర్ డి (డ్రైవ్)లో ఉంటే ప్యాడిల్ పెత్తనం తాత్కాలికమే, కొన్ని సెకన్లకి గేరుబాక్సు మళ్లీ తన లెక్కకి వెళ్లిపోతుంది. దిగే ముందే లివర్ ఎం (మాన్యువల్)లోకి మార్చాలి. మీటర్‌లో డి పోయి ఎం2 అని కనపడితే గేరు నిలిచినట్టే.

నొక్కినా గేరు దిగకపోతే స్పీడు ఎక్కువున్నట్టు. అప్పుడు గేరు దింపితే ఇంజిన్ ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) రెడ్‌లైన్ అనే గరిష్ఠ హద్దు దాటుతుంది కాబట్టి కంప్యూటర్ ఒప్పుకోదు. ముందు బ్రేకుతో స్పీడు తగ్గించి, తర్వాత నొక్కాలి. ఇంకోటి, ఇంజిన్ బ్రేకింగ్‌కి (చిన్న గేరులో ఇంజినే బండి స్పీడు తగ్గించడానికి) వెనక ఎర్ర లైట్లు వెలగవు. వెనక బండి ఉంటే బ్రేకు పెడల్‌ని కాస్త తాకాలి.

కాజ టోల్‌గేట్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేయడానికైతే డిలోనే ఎడమ ప్యాడిల్ ఒకటి రెండుసార్లు నొక్కితే చాలు. పనయ్యాక ప్లస్ ప్యాడిల్‌ని రెండు సెకన్లు పట్టుకుంటే చాలా కార్లు వెంటనే డికి వచ్చేస్తాయి. సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్ రకం) అయితే ప్యాడిల్‌తో మారేవి అసలు గేర్లే కావు, ఉత్తుత్తి మెట్లు. ఇంజిన్ బ్రేకింగ్ మాత్రం నిజమే.