మెలీ ఫైట్‌కు ఊపు తెచ్చే హౌస్ రూల్స్: ఉంచాలా, పీకెయ్యాలా?

మియాపూర్_డీఎం
డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేసి కథ నడిపే టేబుల్ గేమ్) ఐదో ఎడిషన్, 2014 పుస్తకం ఆడుతున్నం. నేను డీఎం, అంటే కథ నడిపి తీర్పు చెప్పేటోణ్ని. మా టేబుల్ మీద మెలీల, అంటే దగ్గరి కొట్లాటల, కత్తి పట్టినోళ్ల సంగతి ఏందంటే, ఎదురుగా నిలబడుడు, "కొట్టిన", "తగిలింది", "ఎనిమిది", "నెక్స్ట్". గళ్ల గ్రిడ్ మీద మినీ (బొమ్మ) జాగ కదలదు. శత్రువుకి దూరం జరిగితే ఆపర్చునిటీ అటాక్ (వాడు ఫ్రీగా కొట్టే దెబ్బ) తినాలె. దెబ్బ తినకుండా తప్పుకునే డిసెంగేజ్ చేస్తే ఆ టర్న్ యాక్షన్ గోవిందా. అందుకని మూడు రూల్స్ పెట్టిన.

ఒకటి, ఫ్లాంకింగ్. శత్రువుకి అటొకరు ఇటొకరు ఉంటే ఇద్దరికీ అడ్వాంటేజ్, అంటే డైస్ రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకునుడు. డీఎం గైడ్‌లో ఆప్షనల్‌గా ఉన్నదే, నా సొంతం కాదు.
రెండు, ఫంబుల్. డీ20 (20 ముఖాల డైస్) మీద 1 పడితే నేను రాసిన టేబుల్ మీద రోల్ చెయ్యాలె. కత్తి జారుడు, బోర్లా పడుడు, పక్కోనికి తగులుడు, ఇట్లాంటివి.
మూడు, స్టంట్. ఏసీ (దెబ్బ తగలాలంటే రావాల్సిన అంకె) కంటే 5 ఎక్కువ పడితే దెబ్బతో పాటు ఇంకేదన్నా చెప్పొచ్చు. కాలితో తన్నుడు, డాలు గుంజుడు, కళ్లల్ల మట్టి కొట్టుడు. కుదురుతదా లేదా నేను చెప్త.

మూడోది అందరికీ నచ్చింది. రెండోదాని మీద కొందరికి గుర్రుగా ఉంది. మీరేమంటరు?

చిన్న_గోబ్లిన్
ఫంబుల్ అన్నాడు. ఇక ఈ థ్రెడ్ తెల్లారినా ఆగదు.

లెక్కల_మాస్టారు
ఫంబుల్ ఒక్కటే మాట్లాడతానండి, మిగతావి తర్వాత. మొదటి లెవెల్ ఫైటర్‌కి టర్న్‌కి ఒకే అటాక్. 1 పడే అవకాశం 5 శాతం. ఐదో లెవెల్‌కి రెండు అటాక్‌లు, కనీసం ఒక్కటైనా 1 పడే అవకాశం 9.75 శాతం. పదకొండో లెవెల్‌కి మూడు, 14 పైచిలుకు. ఇరవయ్యో లెవెల్‌కి నాలుగు, 18.5. అంటే రాజ్యం మొత్తానికి పేరుమోసిన కత్తివీరుడు, నిన్నగాక మొన్న కత్తి పట్టిన కుర్రాడి కంటే ప్రతి టర్న్‌లోనూ మూడున్నర రెట్లు ఎక్కువ తడబడతాడు. విజార్డ్ (మంత్రగాడు) ఫైర్‌బాల్ (నిప్పు బంతి మంత్రం) వేస్తే డైస్ వేసేది ఎదుటివాడు, డెక్స్ సేవ్ (చురుకుతో తప్పించుకునే రోల్). విజార్డ్ చేతిలో 1 పడే ప్రశ్నే లేదు. మెలీ వాళ్ల కోసం పెట్టానంటున్న రూల్ మెలీ వాళ్ల నెత్తినే పడుతోంది. గమనించారా?

మియాపూర్_డీఎం
మాస్టారూ, లెక్క ఒప్పుకుంట. కానీ మొన్న మా పాలాడిన్ (భక్తి యోధుడు) 1 వేసి సుత్తి వదిలేస్తే అది పోయి మా రోగ్ (దొంగ పాత్ర) వంట చేస్తున్న గిన్నెల పడ్డది. టేబుల్ మొత్తం కిందమీద పడి నవ్వినం. అది మీ లెక్కల యాడొస్తది?

లెక్కల_మాస్టారు
రాదు. సుత్తి పోగొట్టుకున్న పాలాడిన్ తర్వాతి రెండు టర్న్‌లు ఏం చేశాడో కూడా చెప్పండి.

కర్రసాము_భాయ్
మీరంతా డైస్ గురించి కొట్లాడుతున్రు గానీ అసలు రోగం అది కాదు. రౌండ్ అంటే ఆరు సెకన్లు. ఆరు సెకన్లల ఒక్క దెబ్బ ఏంది భాయ్? పాతబస్తీల తాలీంల పెరిగినోణ్ని, చిన్నప్పటి నుంచి కర్ర తిప్పిన. ఇద్దరు ఎదురుపడితే ముందు చూసేది కర్రను కాదు, ఎదుటోని ముందుకాలు. మడమ లేస్తే వస్తున్నడని అర్థం. తలకు కొట్టినట్టు చూపిస్తడు, దెబ్బ పడేది మణికట్టు మీద. పట్టు ఇడిస్తే ఆట ఖతం. మీ గేమ్‌ల కాలు లేదు, మణికట్టు లేదు, నిలబడి ఒకరినొకరు తూకం వేసుకుంటున్నరు.

పాత_పెట్టె
భాయ్, ఆ సంగతి మొదట్నుంచీ పుస్తకంలోనే ఉంది. మొదటి ఏడీ అండ్ డీలో (పాత అడ్వాన్స్‌డ్ ఎడిషన్) రౌండ్ అంటే ఒక నిమిషం. ఒక్క రోల్ అంటే ఒక్క దెబ్బ కాదు, ఆ నిమిషంలో జరిగిన ఎత్తుగడలు, తప్పించుకోవడాలు అన్నీ కలిపి. హెచ్‌పీ (ప్రాణం లెక్క) మొత్తం ఒంటి మీది గాయాలే కాదని కూడా 1979 డీఎం గైడ్‌లో రాసే ఉంది. రౌండ్‌ని ఆరు సెకన్లకి కుదించాక కూడా జనం ఒక్క రోల్‌నే పట్టుకు వేలాడుతున్నారు. తేడా అక్కడొచ్చింది.

నన్నడిగితే మెలీ బోర్ కొట్టేది రూల్స్ తక్కువై కాదు. ఫైట్ ఎంతకీ తెమలక. 1981 బేసిక్ సెట్‌లో మొరేల్ (శత్రువుల ధైర్యానికి ఒక అంకె) ఉండేది. అవతలి పక్షంలో ఒకడు చచ్చినప్పుడు ఒకసారి, సగం మంది పడ్డాక ఇంకోసారి 2డీ6 (రెండు ఆరు ముఖాల డైస్) వేస్తారు. మొరేల్ కంటే ఎక్కువ పడితే ఫైట్ అయిపోయినట్టే, పారిపోతారు, లేదా లొంగిపోతారు. గోబ్లిన్‌కి (చిన్న రాక్షసుడు) 7. ఇప్పటి డీఎంల చేతిలో ప్రతి గోబ్లినూ ఆఖరి హెచ్‌పీ దాకా వీరమరణమే.

లెక్కల_మాస్టారు
గోబ్లిన్ పారిపోవాలంటే 2డీ6 మీద 8 లేదా ఆపైన, 36లో 15. 41.67 శాతం.

కర్రసాము_భాయ్
నిమిషమైనా ఆరు సెకన్లైనా మణికట్టు సంగతి చెప్పలే మీరు.

వారాసిగూడ_వారియర్
ఫ్లాంకింగ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? అసలు ముందు తీసెయ్యాల్సింది అదే. ఐదో ఎడిషన్‌లో శత్రువు రీచ్ (దెబ్బ అందే దూరం) లోపల చుట్టూ తిరిగితే ఆపర్చునిటీ అటాక్ లేదు, రీచ్ దాటి బయటికి పోతేనే. అంటే వెనక్కి చేరడానికి పైసా ఖర్చు లేదు. అడ్వాంటేజ్ ఏమైనా చిన్నదా? 11 కావాల్సిన చోట 50 శాతం 75 అవుతుంది. పైగా ఒకదాని మీద ఒకటి కలవదు. మీ బార్బేరియన్ రెక్‌లెస్ అటాక్‌తో ఒళ్లు అప్పగించి సంపాదించుకునే అడ్వాంటేజ్‌ని మీరు అందరికీ ఫ్రీగా పంచేస్తున్నారు. రెండు టర్న్‌లు గడిచేసరికి గ్రిడ్ మీద మనోడు, శత్రువు, మనోడు, శత్రువు అని రేషన్ షాపు ముందు క్యూ. మూడో ఎడిషన్‌లోలా రోల్‌కి +2 ఇవ్వండి, చాలు.

స్టంట్ కావాలంటే 2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్ అనే గేమ్ చూడండి. వారియర్ అటాక్‌తో పాటు డీడ్ డై ఒకటి వేస్తాడు, మొదటి లెవెల్‌లో డీ3 (1 నుంచి 3 దాకా). రోల్‌కి ముందే ఏం చేస్తాడో చెప్పాలి. దెబ్బ తగిలి, ఆ డై మీద 3 లేదా పైన పడితే చెప్పింది జరుగుతుంది. నేను నడిపాను. పిల్లలు కూడా టర్న్ రాకముందే "నేను వాడి కాళ్ల మధ్యలోంచి..." అని మొదలెట్టేవాళ్లు. మీ రూల్‌లో ముందు 5 ఎక్కువ పడాలి, ఆ తర్వాతే ఆలోచన. తగిలాక కూర్చుని "ఊఁ... ఏం చేద్దాం" అనుకుంటారు.

మియాపూర్_డీఎం
అక్కా, +2 మాట బాగుంది, పెడత. డీడ్ డై మాత్రం ఇంకో రోల్. ఇప్పటికే మా ఫైట్ రాత్రి దాకా సాగుతది.

గండ్రగొడ్డలి
రాత్రి దాకా ఎందుకు సాగుతదో నేను చెప్తనన్నా. నేను ఈ టేబుల్ మీదనే ఆడుత. ఫైటర్‌ని. నా టర్న్ అర నిమిషం. విజార్డ్ టర్న్ వచ్చిందంటే పుస్తకం తెరుస్తడు, స్పెల్ చదువుతడు, టెంప్లేట్ (మంత్రం పడే జాగ చూపే అచ్చు) పెడతడు, తీస్తడు, మళ్ల పెడతడు. అయిపోయేసరికి నేను మియాపూర్‌ల ఎల్బీ నగర్ చివరి మెట్రో పట్టుకునేందుకు ఉరకాలె. మొన్న దొరకలే. ఆటోవాడు అడిగిన రేటు చెప్తే మీరు నవ్వుతరు.

మియాపూర్_డీఎం
ఎల్బీ నగర్‌ల ఉండుడు నా తప్పా?

చిన్న_గోబ్లిన్
😂

గండ్రగొడ్డలి
నవ్వు ఆపు. మెట్రో కాదు సంగతి. మూడో రూల్ అందరికీ నచ్చిందని రాసినవ్ గదా పైన. నన్ను అడిగినవా? కోట సీన్ గుర్తుందా? గోల్కొండ బాలాహిసార్ మెట్లలెక్క పెట్టిన అన్నవ్, ఎత్తుగా, ఎగుడు దిగుడుగా, పక్కన గోడ మోకాలంతే. పై మెట్టు మీద ఆ కిల్లేదారు (కోట అధికారి), కింద మెట్టు మీద నేను. పక్కకి జరిగి పైకెక్కి వాణ్ని తన్నుత అన్న. నువ్వేం చేసినవ్? "5 ఎక్కువ రాలే" అన్నవ్. సరే, అటాక్ వదులుకోని తన్నుత అన్న. "డీసీ 20 అథ్లెటిక్స్" అన్నవ్, అంటే ఒంటి బలం రోల్‌ల 20 రావాలె. 17 పడ్డది. "వాడు ఊగి నిలబడ్డడు" అన్నవ్. అటాక్ పోయె, తన్ను పోయె.

తర్వాతి టర్న్‌ల విజార్డ్ థండర్‌వేవ్ (ఉరుము మంత్రం) వేసిండు. కిల్లేదారు కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్ ఫెయిల్, 10 అడుగులు ఎగిరి మెట్ల మీంచి కింద పడ్డడు. "పుస్తకంలో ఉంది" అన్నవ్. నేను తంతె డీసీ 20, విజార్డ్ చప్పట్లు కొడితే పుస్తకం.

లెక్కల_మాస్టారు
ఒక్క నిమిషం. షవ్ (నెట్టడం) కూడా పుస్తకంలో ఉందండి. ఒక అటాక్ బదులు, మీ అథ్లెటిక్స్ వర్సెస్ అవతలివాడి అథ్లెటిక్స్ లేదా ఆక్రోబాటిక్స్. గెలిస్తే 5 అడుగులు నెట్టొచ్చు, లేదా పడగొట్టొచ్చు. డీసీ 20 ఎక్కడ్నుంచి వచ్చింది? మీ మాడిఫయర్ (రోల్‌కి కలిపే అంకె) ఎంత? +7 ఉంటే 20కి 13 పడాలి, అంటే 40 శాతం...

గండ్రగొడ్డలి
మాస్టారూ, శాతం నాకొద్దు.

మియాపూర్_డీఎం
ఇంటి గొడవ ఇక్కడ పెట్టకు తమ్మీ. వాడు మామూలు కాపలావాడు కాదు. నెలల తరబడి కథ మొత్తం వాని చుట్టూ అల్లిన. మొదటి రౌండ్‌ల తన్ని లోయల పడేస్తే మిగిలిన నలుగురు ఏం చెయ్యాలె, మీ ఇంటికి పోయి చాయ్ తాగాల్నా? టేబుల్ అందరిదీ. ఎప్పుడు ఏది కుదురుతదో చూసుడే డీఎం పని. రూల్‌ల అది ముందే రాసిన, "నేను చెప్త" అని.

గండ్రగొడ్డలి
ఆ ముక్క దగ్గరనే నాకు కాలుతది. "నేను చెప్త." అదే కిల్లేదారు మీద విజార్డ్ హోల్డ్ పర్సన్ (మనిషిని కదలకుండా చేసే స్పెల్) వేసిన్నాడు నీ కథ ఏమైంది? విజ్డమ్ సేవ్ వేసినవ్, ఫెయిలైంది, నోరు మూస్కోని పారలైజ్ చేసినవ్. డీసీ పెంచలే. "కథ చెడిపోతది" అనలే. ఎందుకంటే స్పెల్ అచ్చులో ఉంది. నా కత్తికి మాత్రం ప్రతిసారి నీ దగ్గర అర్జీ పెట్టుకోవాల్నా? నాకు స్టంట్ ఎక్కువ కావాలని కాదు, నువ్వు కాదనలేనిది ఒక్కటన్నా కావాలె.

కర్రసాము_భాయ్
కోట మెట్ల మీద పైనున్నోనిదే జోరు. కిందోడు పైకెక్కి తన్నుడు అయ్యే పని కాదు. డీసీ 20 తక్కువే.

గండ్రగొడ్డలి
భాయ్, మా విజార్డ్ బ్యాట్ పేడతో నిప్పు బంతి చేస్తడు. అది అయ్యే పనా?

మోడరేటర్
వ్యక్తిగతాలు ఇక చాలు. రూల్ మీద మాట్లాడండి, లేదంటే తాళం వేస్తా.

పాత_పెట్టె
తాళం వద్దు, ఇప్పుడే అసలు మాట బయటికొచ్చింది. నేను డీఎం పక్షమే. పాత ఆటల్లో రాసిపెట్టింది తక్కువ, అడిగేది ఎక్కువ. ఆటగాడు అడుగుతాడు, రిఫరీ తీర్పు చెప్తాడు. కాకపోతే అప్పుడు మంత్రగాడికి మొదటి లెవెల్‌లో రోజుకి ఒక్కటే స్పెల్. అందరం అడిగి ఆడేవాళ్లమే. ఇప్పుడు సగం టేబుల్‌కి అచ్చేసిన హక్కులు, సగం టేబుల్‌కి దయాధర్మం.

వారాసిగూడ_వారియర్
2024 పుస్తకంలో వెపన్ మాస్టరీ (ఆయుధంతో పాటు వచ్చే అదనపు పని) వచ్చింది ఇందుకే కదా. తగిలితే పుష్, 10 అడుగులు, పెద్ద సైజు దాకా. సేవ్ కూడా లేదు. టాపుల్ అయితే కాన్‌స్టిట్యూషన్ సేవ్, ఫెయిలైతే పడతాడు. ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ పుస్తకం కొనకపోయినా పర్లేదు, ఒక కార్డు మీద నాలుగు పనులు రాసుకోండి. నెట్టడం, పడగొట్టడం, చేతిలోది జారవిడిచేలా చెయ్యడం, మనం శత్రువు స్థానంలోకి వెళ్లి వాణ్ని మన స్థానంలోకి లాగడం. సేవ్ డీసీ 8, ప్లస్ ప్రొఫిషెన్సీ (నేర్పు బోనస్), ప్లస్ స్ట్రెంత్. ఈ నాలుగింటికీ డీఎం నోరు తెరవకూడదు. అయిదోది ఏదైనా అడిగితే అప్పుడు ఆయన ఇష్టం.

చిన్న_గోబ్లిన్
మరి బ్యాటిల్ మాస్టర్ (ఇట్లాంటి ఎత్తుగడలు నేర్చిన ఫైటర్) తీసుకున్నోడు ఏం కావాలె? ఆ డీసీ వాళ్లది.

వారాసిగూడ_వారియర్
వాళ్లకి డ్యామేజ్ కూడా కలుస్తుంది. కార్డు మీద స్టంట్‌కి డ్యామేజ్ వదులుకోవాలి. సరిపోతుంది.

మియాపూర్_డీఎం
కార్డు రాస్త. నాలుగు కాదు, మూడే. జాగలు మార్చుకునుడు వద్దు, గ్రిడ్ మీద గందరగోళం. డ్యామేజ్ వదులుకోని సేవ్ అడగొచ్చు, నేను మధ్యల రాను. కానీ కథకి కీలకమైనోళ్లకి ఫైట్‌కి ఒకసారి సేవ్ ఫెయిలైనా పాసైనట్టు తీసుకునే హక్కు ఉంచుకుంట. లెజెండరీ రెసిస్టెన్స్ లెక్క. స్పెల్‌కీ తన్నుకీ ఒకటే లెక్క. ముందే చెప్త, దాచను.

గండ్రగొడ్డలి
స్పెల్‌కి కూడానా?

మియాపూర్_డీఎం
స్పెల్‌కి కూడా.

గండ్రగొడ్డలి
అయితే విజార్డ్‌కి నువ్వే చెప్పు. నేను చెప్పను. జాగలు మార్చుకునుడు తీసేసినందుకు మాత్రం ఊకోను, ఆదివారం మాట్లాడదం. ఫంబుల్ సంగతేంది?

మియాపూర్_డీఎం
ఫంబుల్ ఉంటది. టర్న్‌కి మొదటి అటాక్‌కే. పక్కోనికి తగులుడు తీసేసిన. మాన్‌స్టర్లకు కూడా అదే టేబుల్. మొరేల్ కూడా పెడుతున్న, పాత పెట్టె గారి మాట మీద.

పాత_పెట్టె
సంతోషం. మొరేల్ అంకె ముందే రాసిపెట్టండి. అదీ "నేను చెప్త" కాకూడదు.

కర్రసాము_భాయ్
మణికట్టు?

వారాసిగూడ_వారియర్
చేతిలోది జారవిడిచేలా చెయ్యడం అంటే అదే భాయ్. కార్డు మీద ఉంది.

లెక్కల_మాస్టారు
మాన్‌స్టర్లకు కూడానా? ఎనిమిది గోబ్లిన్లు వచ్చాయనుకోండి. ఒక్కోదానికి ఒక అటాక్. రౌండ్‌లో కనీసం ఒకదానికైనా 1 పడే అవకాశం 33.7 శాతం. మూడు రౌండ్లకి ఒకసారి ఎవడో ఒకడు కత్తి జారవిడుస్తాడు. కర్ర, కత్తి ఎవరివైనా సరే, ఆ టేబుల్ ఇంకోసారి ఆలోచించండి.