నిమ్మలకుంట: తోలుబొమ్మలు చేసే చోటును మ్యూజియం చేయాలా, వద్దా?

ధర్మవరం దారి:
ఫలానా వాళ్ళ ఇల్లని కాదు, మాటవరసకు అడుగుతున్నా. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అంత పేరున్న ఊళ్ళో ఒక పెద్ద కళాకారుడు కూర్చుని పనిచేసిన చోటును ఉలులు, రంగు గిన్నెలు, సగంలో ఆగిన బొమ్మతో సహా ఉన్నదున్నట్టు ఉంచి జనానికి చూపించాలని నా అభిప్రాయం. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ పోయాక లండన్‌లోని ఆయన స్టూడియోను గోడలు, తలుపులు, దుమ్ముతో సహా డబ్లిన్‌కు మోసుకెళ్ళి 2001లో తెరిచారు. ఏడువేలకు పైగా వస్తువులట. మనం ఉన్నచోటనే ఒక గది నిలబెట్టుకోలేమా?

పెన్నొడ్డు:
బేకన్ ఒక్కడే, ఆయన పోయాక గది ఖాళీ. ఇక్కడ అదే వసారాలో కొడుకు, కోడలు, మనవడు పని చేస్తుంటారప్పా. తాడు కట్టి 'ముట్టుకోరాదు' అని బోర్డు పెడితే వాళ్ళు యాడ కూర్చోవాల? (అన్నట్టు, 2022 నుంచి ఆ ఊరు అనంతపురం జిల్లాలో లేదు, శ్రీ సత్యసాయి జిల్లా. మ్యూజియం ఫైలు ఏ ఆఫీసులో తిరుగుతుందో ముందు తేల్చండి.)

అనంత టీచర్:
పెన్నొడ్డు గారూ, ఎగతాళి సరే. మా పిల్లలకు తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క అంటే ఎవరో తెలీదు. మా ఊళ్ళో ఆట ఆడించేవాళ్ళు లేరు. ఎక్కడో ఒకచోట చూపించాలి కదండీ?

కడప నుంచి:
చూపించాలి మేడమ్, ఎలాగన్నదే గొడవ. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెడతారు. కింద చెక్కదిమ్మ పెట్టుకుని, ఉలి నిలబెట్టి ఒక్కో చుక్కా కొడతారు. ఆ చిల్లుల్లోంచి వెలుతురు వస్తేనే సీత మెడలో హారం కనిపించేది. అదే బొమ్మను గోడకు తగిలించి ముందు లైటు వేస్తే మిగిలేది చిల్లుల తోలే. పోనీ వెనక లైటు పెడదామా? రాత్రింబగళ్ళు వెలిగితే రంగు వెలిసిపోతుంది. రంగులద్దిన తోలు మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వకూడదని మ్యూజియం వాళ్ళే అంటారు. ఆట ఆడిన రాత్రి మాత్రం దీపం వెలిగి, మిగతా రోజులు పెట్టెలో ఉండటమే ఆ బొమ్మకు సుఖం.

మా ఊరి సంగతి చెప్తా. బ్రౌన్ దొర బంగళాలో పండితులు కూర్చుని తాళపత్రాలు సరిచూసేవాళ్ళు. ఆ బంగళా నిలవలేదు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు కాళ్ళరిగేలా తిరిగి ఆ స్థలంలో లైబ్రరీ కట్టించారు. బ్రౌన్ కుర్చీ కోసం ఎవరూ వెళ్ళరు, పుస్తకం కోసం వెళ్తారు. చోటు అలా బతికింది.

నాకైతే ఆ వసారా వసారాగానే ఉండాలి. పని నేర్పేవాళ్ళకు, నేర్చుకునేవాళ్ళకు నెలనెలా ఏదైనా ఇస్తే చాలు. చూడాలనుకున్నవాళ్ళు వచ్చి పక్కన కూర్చుంటారు. నానిన తోలు వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళు రానక్కర్లేదు.

ధర్మవరం దారి:
కడప అన్నా, ఆ నెలనెలా ఇచ్చేదెవరు? గది కట్టిస్తే ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం మీద పేరుంటుంది. అందుకే గదికి డబ్బులొస్తాయి, మనిషికి రావు. నేను మ్యూజియం అన్నది అందుకూ. పైగా మంచి పాత ఉలులు, తాతలనాటి బొమ్మలు కొనుక్కుపోయేవాళ్ళున్నారు. అడ్డుపడేదెవరు?

పెన్నొడ్డు:
పాడైన బొమ్మను ఏట్లో వదిలే ఆచారం ఉంది వాళ్ళలో. దాచిపెట్టమని ముందు మనం చెప్పేదేంది, వాళ్ళను అడిగినామా?

కడప నుంచి:
పాత బొమ్మలు అమ్ముడుపోతున్న మాట మాత్రం ఒప్పుకుంటా. వాటికి ఫోటోలు తీసి, ఎవరిది, ఏ పాత్ర అని రాసిపెట్టుకోవచ్చు. ఊళ్ళో ఒక బీరువా, రిజిస్టరు, తాళంచెవి వాళ్ళ చేతిలో. దానికి మ్యూజియం అని పేరు పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

అనంత టీచర్:
రిజిస్టరు నేను రాసిస్తా. వాళ్ళు ఒప్పుకుంటేనే. ఆదివారాలు ఖాళీనే.

ధర్మవరం దారి:
సరే మేడమ్, ముందు వెళ్ళి అడుగుదాం. వాళ్ళు తోలుతో చేసే ల్యాంప్‌షేడ్‌ల ఆర్డర్లున్న రోజు మాత్రం వద్దు, తిడతారు.