అప్‌డేట్: రాజీనామా ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది

1994లో అమెజాన్ కోసం జెఫ్ బెజోస్ చేసినట్టు నేనూ ఉద్యోగం వదిలేసి స్టార్టప్ పెట్టాలా అని 3 నెలల కిందట అడిగాను కదా. ఒకరు యాపిల్ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ సంగతి చెప్పారు: 1976లో యాపిల్ మొదలయ్యాక కూడా ఆయన హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలోనే ఉద్యోగం చేస్తూ ఉన్నాడు, 1977లో గానీ మానలేదు. పైగా తన కంప్యూటర్ డిజైన్ ముందు హ్యూలెట్ ప్యాకార్డ్‌కే చూపించాడు. అది చదివి నా ఆఫర్ లెటర్ తీశా. సొంత పనికి అనుమతి అడగాలని అందులో ఉంది! అడిగా, ఇచ్చారు.

రాత్రిళ్లు కూర్చుని బిల్లింగ్ యాప్ చేశా. 20 మందికి చూపిస్తే 17 మంది "సూపర్" అన్నారు, డబ్బు కట్టింది ఇద్దరే. వాళ్లూ నేను నెలరోజులు చెక్కిన డ్యాష్‌బోర్డ్ (లెక్కలన్నీ ఒకేచోట చూపే స్క్రీన్) తెరవలేదు. బాకీ గుర్తుచేసే మెసేజ్ ఒక్కటే వాడుతున్నారు. డ్యాష్‌బోర్డ్ నిన్న పీకేశా. ప్రాణం ఉసూరుమంది.