గ్రాన్ టురిస్మో పాత ఇంటర్వ్యూల్లో ఏ మాటను ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న:
కార్ రేసింగ్ వీడియో గేమ్ గ్రాన్ టురిస్మో సిరీస్ మొదటి రోజుల మీద ఒక వీడియో చేస్తున్నాను, దానికోసం దాన్ని తయారుచేసిన కజునోరి యమౌచి ఇచ్చిన పాత ఇంటర్వ్యూలన్నీ వరసబెట్టి చదువుతున్నాను. మొదటి ఆట సోనీ గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ సత్తాలో 75 శాతం దాకా వాడుకుందని ఆయన అన్నారు. తర్వాతి ఆటల దగ్గరికొచ్చేసరికి ఇంటర్నెట్‌లో వేరేవాళ్లతో పోటీపడే ఆన్‌లైన్ ఉంటుందన్నారు, చెప్పినప్పుడు రాలేదు. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పేయొచ్చా? తప్పు చెప్పి జనాన్ని పక్కదారి పట్టించడం ఇష్టం లేదండి.

జవాబు:
ముందు తేదీ చూడండి, మిగతావన్నీ తర్వాత. ఆ ఆట జపాన్‌లో 1997 డిసెంబర్‌లో వచ్చింది, అమెరికా, యూరప్‌లకు చేరింది 1998 మేలో. కాబట్టి 1998 వేసవిలో ఒక అమెరికా పత్రికలో "ఇంకా ఇది చేయాలనుంది" అని కనిపిస్తే అది రెండో ఆట గురించి అయ్యుండొచ్చు, ఎందుకంటే జపాన్‌లో మొదటిది జనం అప్పటికే నెలల తరబడి ఆడుతున్నారు.

ఇక 75 శాతం అనేది అంచనా, కొలత కాదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్, మెమరీ, డిస్క్, దేని హద్దు దానిదే, అన్నిటికీ కలిపి ఒక్క అంకె కట్టలేం. 1999లో అదే మెషీన్ మీద రెండో ఆట సుమారు 650 కార్లతో వచ్చేసరికి, మిగిలిన 25 శాతం ఇక్కడ వాడేశారని ముడిపెట్టాలనిపిస్తుంది. కానీ రేసులో ఒకేసారి పరిగెత్తేవి రెండింట్లోనూ ఆరు కార్లే! జాబితా పెరిగితే కావాల్సింది డిస్కులో చోటు, రెండో ఆట రెండు డిస్కుల్లో వచ్చింది కూడా. మెషీన్‌ను ఎంత పిండారో చూపించాలంటే, ఆరు కార్లూ ఒకే మలుపులో గుమికూడినప్పుడు బొమ్మ ఎంత సాఫీగా కదులుతోందో రెండు ఆటల్లోనూ రికార్డు చేసి పక్కపక్కన పెట్టండి.

ప్రశ్న:
బాగా చెప్పారు. మరి ఆన్‌లైన్ సంగతి? మాట తప్పారనాలా?

ఇంకొకరి జవాబు:
అలా అనకండి, అన్యాయం అవుతుంది. ఆట తయారవుతుండగా చెప్పేది ఆ రోజుకున్న ప్లాన్, అంతే. నాలుగో ఆటకు ఆన్‌లైన్ ప్రకటించారు, 2004 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదలయ్యేసరికి తీసేశారు. గుద్దుకుంటే కారు సొట్టపోవడం కూడా అభిమానులు ఏళ్ల తరబడి అడిగితే 2010లో ఐదో ఆటకు గానీ రాలేదు. అప్పుడేం అనుకున్నారు, చివరికి ఏం వచ్చింది, రెండూ తేదీలతో చూపిస్తే చూసేవాళ్లే అర్థం చేసుకుంటారు.

జరిగిపోయిన పని గురించి చెప్పినవి వేరే రకం. మొదటి ఆట చేసేటప్పుడు మొదట్లో ఏడుగురే ఉన్నారని, చివరికి కూడా 15 మందేనని, ఐదేళ్లు పట్టిందని, ఆ రోజుల్లో ఏడాదికి నాలుగు రోజులు ఇంటికెళ్లి ఉంటే గొప్పేనని ఆయనే చెప్పుకొచ్చారు. వీటికి ఆధారం ఆయన జ్ఞాపకమే, "యమౌచి చెప్పిన ప్రకారం" అని ఒక్క ముక్క తగిలిస్తే చాలు. నాకైతే మీ వీడియోకి ఇదే గుండెకాయ అనిపిస్తోంది, దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. అయితే ఐదేళ్లూ ఈ ఒక్క ఆట మీదే కూర్చున్నారని మాత్రం రాయొద్దు, 1994లో వచ్చిన మోటర్ టూన్ గ్రాండ్ ప్రి అనే రేసింగ్ ఆట కూడా యమౌచి చేసిందే.