అన్సిబుల్‌కి వెబ్ డ్యాష్‌బోర్డ్ పెట్టాలి: ఏది పెట్టాలి, ఎలా పెట్టాలి?

పోర్ట్22 అడిగారు:

అందరికీ నమస్తే. మా దగ్గర 40 దాకా లినక్స్ సర్వర్లు ఉన్నాయి, సగం డెబియన్, మిగతావి ఆల్మా లినక్స్. కాన్ఫిగరేషన్ అంతా అన్సిబుల్ (చాలా సర్వర్లని ఒకే చోటి నుంచి సెట్ చేసే టూల్) ప్లేబుక్స్‌గా, అంటే ఏం చేయాలో రాసుకున్న ఫైళ్లుగా, గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) ఉంది, అంతవరకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నడిపే దగ్గరే. ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వాళ్లు నడుపుతున్నారు, ఏ సర్వర్ మీద ఏ ప్లేబుక్ చివరిసారి ఎప్పుడు నడిచింది, ఎవరు నడిపారు, మధ్యలో ఫెయిలైందా అని తెలుసుకోవాలంటే చాట్‌లో పాత మెసేజ్‌లు వెతకాల్సి వస్తోంది.

అందుకే ఒక వెబ్ డ్యాష్‌బోర్డ్ కావాలి. అందులో మూడు పనులు జరగాలి: ఏ సర్వర్ ఎలా ఉందో కనపడాలి, టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు కమాండ్ లైన్ జోలికి పోకుండా కొన్ని ప్లేబుక్స్ నడపగలగాలి, ఎవరైనా నేరుగా సర్వర్‌లోకి వెళ్లి ఫైల్ మార్చేస్తే అది మాకు తెలియాలి. అన్సిబుల్‌ని వెబ్ నుంచి నడిపే ఏడబ్ల్యూఎక్స్ గురించి చదివాను కానీ దానికి కుబెర్నెటిస్ (కంటైనర్లని నడిపే పెద్ద వ్యవస్థ) కావాలంటున్నారు, మాకు కుబెర్నెటిస్ లేదు, దీనికోసమే పెట్టుకోవాలని కూడా లేదు. కాక్‌పిట్, వెబ్‌మిన్, సెమఫోర్, ఫోర్‌మ్యాన్ ఇలా చాలా పేర్లు వినపడుతున్నాయి. నిజంగా వాడుతున్నవాళ్లు చెప్తే బాగుంటుంది.

రూట్‌కాదు_సుడో రాశారు:

మీరు మూడు పనులూ ఒకే చోట రాసినా అవి మూడు వేరే వేరే టూల్స్ చేసే పనులు, ఎంపిక దగ్గర తికమక అంతా అక్కడే వస్తుంది. ముందు కాక్‌పిట్, వెబ్‌మిన్ రెండింటినీ పక్కన పెట్టేయండి. అవి పనికిరానివని కాదు, కాక్‌పిట్ నాకు చాలా ఇష్టం, 9090 పోర్ట్‌లో బ్రౌజర్ తెరిస్తే ఆ ఒక్క మెషీన్ సర్వీసులు, లాగ్స్, డిస్క్‌లు అన్నీ శుభ్రంగా కనపడతాయి, ఎవరూ వాడనప్పుడు అది నడవదు కూడా, సిస్టమ్‌డీ సాకెట్ ద్వారా అవసరమైనప్పుడే లేస్తుంది. కానీ అందులో మీరు ఒక సెట్టింగ్ మారిస్తే అది ఆ మెషీన్‌లోనే మారుతుంది, గిట్‌కి ఆ సంగతి తెలియదు, రేపు ప్లేబుక్ నడిచినప్పుడు ఆ మార్పు చెరిగిపోతుంది, లేదా ప్లేబుక్ ముట్టుకోని ఫైల్ అయితే ఎవరికీ తెలియకుండా అలాగే ఉండిపోతుంది. వెబ్‌మిన్‌ది కూడా ఇదే పద్ధతి. మీరు పట్టుకోవాలనుకుంటున్న తేడాలు పుట్టేదే అలాంటి చోట.

ఏడబ్ల్యూఎక్స్ సంగతి మీరు విన్నది నిజమే. 2017లో ఓపెన్ సోర్స్ అయినప్పటి నుంచి కొన్నాళ్లు డాకర్‌తో పెట్టుకోగలిగేవాళ్లం, 18వ వెర్షన్ నుంచి మాత్రం కుబెర్నెటిస్ ఆపరేటర్‌తోనే పెట్టమంటున్నారు. పైగా 2024 జూలైలో వచ్చిన 24.6.1 తర్వాత లోపలి నిర్మాణం మార్చే పని కోసం రిలీజ్‌లు ఆపారు. 40 సర్వర్ల కోసం దాన్ని మోయడం అనవసరం.

మీకు సెమఫోర్ సరిపోతుంది. గో భాషలో రాసిన ఒకే ఒక బైనరీ, మామూలుగా 3000 పోర్ట్‌లో వింటుంది, వెనక పోస్ట్‌గ్రెస్ పెట్టండి. అందులో ప్రాజెక్ట్ తెరిచి నాలుగు సంగతులు చెప్పాలి: గిట్ రిపాజిటరీ ఎక్కడుంది, ఇన్వెంటరీ (సర్వర్ల జాబితా) ఏది, ఏ ఎస్‌ఎస్‌హెచ్ కీతో వెళ్లాలి, ఏ వేరియబుల్స్ ఇవ్వాలి. ఈ నాలుగూ కలిపి ఒక టెంప్లేట్ చేస్తే అది ఒక బటన్ అవుతుంది. కొత్తవాళ్లకి టాస్క్ రన్నర్ అనే రోల్ ఇస్తే వాళ్లు బటన్ నొక్కగలరు, టెంప్లేట్‌ని, కీలని మార్చలేరు. ఎవరు ఎప్పుడు నొక్కారో, పూర్తి అవుట్‌పుట్ ఏమిటో చరిత్రలో ఉంటుంది. మీ రెండో పని దీంతో తీరుతుంది, మొదటిది సగం తీరుతుంది.

ఒక్క విషయం మాత్రం మర్చిపోకండి. సెమఫోర్ కాన్ఫిగ్ ఫైల్‌లో యాక్సెస్ కీ ఎన్‌క్రిప్షన్ అని ఒక విలువ ఉంటుంది, డేటాబేస్‌లో దాచిన కీలన్నీ దానితోనే తాళం వేసి ఉంటాయి. డేటాబేస్ బ్యాకప్ ఒక్కటే తీసి ఆ విలువ పోగొట్టుకుంటే బ్యాకప్ తిరిగి పెట్టినా లోపలి పాస్‌వర్డ్‌లు, కీలు ఒక్కటీ తెరుచుకోవు. రెండింటికీ బ్యాకప్ తీయండి, అదీ వేరే వేరే చోట్ల.

మ్యానిఫెస్ట్ రాశారు:

పై జవాబుతో నాకు పేచీ లేదు, కానీ పప్పెట్ (అన్సిబుల్ లాంటిదే ఇంకో టూల్) వైపు నుంచి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ మూడో పని, అంటే ఎవరో చేత్తో మార్చింది పట్టుకోవడం, అక్కడ దానంతట అదే జరిగిపోతుంది. పప్పెట్‌లో ప్రతి సర్వర్ మీద ఏజెంట్ ఉంటుంది, మామూలుగా ప్రతి 30 నిమిషాలకి ఒకసారి లేచి 8140 పోర్ట్‌లో ఉన్న సర్వర్‌ని అడిగి తన కాన్ఫిగరేషన్ తెచ్చుకుని, తేడా ఉంటే సరిచేసి, ఏం చేసిందో రిపోర్ట్ పంపుతుంది. ఆ రిపోర్ట్‌లు పప్పెట్‌డీబీలోకి చేరతాయి, దాని వెనక పోస్ట్‌గ్రెస్. పప్పెట్‌బోర్డ్ అనే చిన్న పైథాన్ వెబ్ యాప్ వాటిని చదివి ఏ నోడ్ (సర్వర్) ఫెయిలైంది, ఏది మారింది, ఏది రిపోర్ట్ పంపడం మానేసింది అని మొదటి పేజీలోనే చూపిస్తుంది. ఆ చివరిది చాలా విలువైనది, ఎర్రగా కనపడే సర్వర్‌ని ఎవరైనా పట్టించుకుంటారు, ఏమీ చెప్పకుండా ఊరుకున్న సర్వర్‌ని ఎవరూ చూడరు.

పప్పెట్‌బోర్డ్ చదువుతుంది, అంతే. దాన్నుంచి ఏదీ మార్చలేరు. నా దృష్టిలో అదే దాని గొప్పతనం.

ఉన్న ప్లేబుక్స్ వదిలేసి పప్పెట్‌కి రమ్మని నేను చెప్పను, 40 సర్వర్లకి అంత తిరగరాత అక్కర్లేదు. ఎవరైనా కొత్తగా మొదలుపెడుతూ ఇది చదువుతుంటే మాత్రం, 2025 మొదట్లో కమ్యూనిటీ పప్పెట్ నుంచి ఓపెన్‌వాక్స్ అనే ఫోర్క్ (అదే కోడ్ నుంచి విడదీసిన ప్రాజెక్ట్) తీసింది, దాన్ని చూసి మొదలుపెట్టండి. ఫోర్‌మ్యాన్ కూడా బాగుంటుంది, పప్పెట్, అన్సిబుల్ రెండింటి రిపోర్ట్‌లూ తీసుకుంటుంది, కానీ కొత్త మెషీన్లకి ఓఎస్ ఎక్కించడం దగ్గర్నుంచి అన్నీ దాంతోనే చేసేవాళ్లకి అది తగినది. మీరు అడిగినంత వరకే అయితే బరువెక్కువ.

పోర్ట్22 రాశారు:

ఇద్దరికీ చాలా థాంక్స్. సెమఫోర్ పెట్టాను, ఆల్మా 9 మీద, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (బ్రౌజర్ రిక్వెస్ట్‌లని లోపలికి పంపే వెబ్ సర్వర్) ఉంచి. ఇప్పుడు మూడు చోట్ల ఆగింది.

మొదటిది, ఎన్‌జిన్‌ఎక్స్ ద్వారా వెళ్తే 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) వస్తోంది, అదే సర్వర్‌లో కర్ల్‌తో లోకల్‌హోస్ట్ 3000 అడిగితే పేజీ వస్తోంది. రెండోది, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వేసుకుని లోపలికి వెళ్లి టాస్క్ నడిపితే హోస్ట్ కీ (సర్వర్ తన గుర్తింపుగా చూపే కీ) వెరిఫికేషన్ ఫెయిల్డ్ అని ఆగిపోతోంది, అదే ప్లేబుక్ నా ల్యాప్‌టాప్ నుంచి ఏ అడ్డూ లేకుండా నడుస్తోంది. మూడోది, చేత్తో మార్చినవి పట్టుకోవడం ఇందులో ఎలాగో ఇంకా అర్థం కాలేదు.

జర్నల్_చదవండి రాశారు:

వరసగా చెప్తాను.

502 దాదాపు కచ్చితంగా ఎస్‌ఈలినక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో కట్టడి చేసే లినక్స్ భద్రతా వ్యవస్థ) పని. ఆల్మాలో ఎన్‌జిన్‌ఎక్స్ తనంతట తాను ఇంకో పోర్ట్‌కి కనెక్ట్ కావడానికి మొదట అనుమతి ఉండదు. ఎన్‌జిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ తెరవండి, అప్‌స్ట్రీమ్‌కి కనెక్ట్ అవుతుంటే పర్మిషన్ డినైడ్, 13 అని ఉంటే అదే. హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్ అనే బూలియన్ (ఆన్, ఆఫ్ సెట్టింగ్) ఉంది, దాన్ని సెట్‌సెబూల్‌తో ఆన్ చేయండి, పెద్ద పీ ఆప్షన్ కూడా ఇవ్వండి, లేకపోతే రీబూట్ అయ్యాక మళ్లీ మొదటికొస్తుంది. దయచేసి ఎస్‌ఈలినక్స్ మొత్తాన్ని ఆపేయకండి. చాలా గైడ్‌లలో మొదటి మెట్టుగా అదే రాస్తారు, మిగతా అన్ని సర్వర్ల కీలు దాచే మెషీన్ మీద అలా చేయడం చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఇది పోయాక పేజీ వస్తుంది కానీ టాస్క్ అవుట్‌పుట్ నడుస్తుండగా కనపడకపోవచ్చు, పేజీ రిఫ్రెష్ చేస్తేనే వస్తుంటే ఎన్‌జిన్‌ఎక్స్‌లో వెబ్‌సాకెట్ (తెరిచే ఉంచే కనెక్షన్) కోసం అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు పంపట్లేదని అర్థం, హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 అని కూడా పెట్టండి.

హోస్ట్ కీ సంగతి. మీ ల్యాప్‌టాప్‌లో మీరు ఎన్నోసార్లు అన్ని సర్వర్లకీ వెళ్లారు, వాటి హోస్ట్ కీలు మీ నోన్ హోస్ట్స్ ఫైల్‌లో చేరిపోయాయి. డ్యాష్‌బోర్డ్ నడిచేది వేరే యూజర్ కింద, ఆ యూజర్‌కి ఆ ఫైలే లేదు. ల్యాప్‌టాప్‌లో నడిచి ఇక్కడ నడవనివన్నీ ఇలాంటివే: మీ హోమ్‌లో ఉన్న అన్సిబుల్ కాన్ఫిగ్, మీరు ఎప్పుడో పెట్టుకున్న కలెక్షన్లు (అన్సిబుల్‌కి అదనపు మాడ్యూల్స్), మీ ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్‌లో కూర్చున్న కీ, ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో రాసుకున్న పొట్టి పేర్లు. ఒక్కొక్కటే రిపాజిటరీలోకి తేవాలి. కలెక్షన్ల జాబితాని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌గా కలెక్షన్స్ ఫోల్డర్‌లో పెడితే సెమఫోర్ టాస్క్ ముందు తనే తెచ్చుకుంటుంది. హోస్ట్ కీలకి మాత్రం చెకింగ్ ఆఫ్ చేసే దారి పట్టకండి, ఆఫ్ చేస్తే మధ్యలో ఎవరు కూర్చుని మీ సర్వర్‌లా నటించినా డ్యాష్‌బోర్డ్ నమ్మేస్తుంది. సర్వర్ల పబ్లిక్ హోస్ట్ కీలు సేకరించి, అసలు మెషీన్‌లో ఉన్న కీ వేలిముద్రతో (ఫింగర్‌ప్రింట్) సరిచూసి, మెషీన్ మొత్తానికి వర్తించే నోన్ హోస్ట్స్ ఫైల్‌లో పెట్టండి, అంటే ఈటీసీ కింద ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఉండేది.

కీ గురించి ఇంకొకటి. మీ సొంత కీ డ్యాష్‌బోర్డ్‌కి ఇవ్వొద్దు, దానికంటూ ఒక కీ, ప్రతి సర్వర్‌లో దానికంటూ ఒక యూజర్ చేయండి. ఆథరైజ్డ్ కీస్‌లో ఆ కీ ముందు ఫ్రమ్ అని రాసి డ్యాష్‌బోర్డ్ ఐపీ ఇస్తే, రేపు ఆ కీ ఎవరి చేతిలో పడినా వేరే చోటు నుంచి పనిచేయదు. ఈ మెషీన్ మీ 40 సర్వర్ల తాళాల గుత్తి, కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కి తెరవకండి. సెమఫోర్ 127.0.0.1 మీదే వినాలి, ఎన్‌జిన్‌ఎక్స్ వీపీఎన్ వైపే వినాలి. వెబ్‌మిన్ విషయంలో 2019లో ఏం బయటపడిందో చూడండి, 1.890 నుంచి 1.920 దాకా కొన్ని రిలీజ్‌లలో ఎవరో బిల్డ్ సర్వర్‌లోనే దొడ్డిదారి పెట్టేశారు, పోర్ట్ బయటికి తెరిచినవాళ్లకే దాని దెబ్బ ఎక్కువ. ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌కైనా అలాంటి రోజు రావచ్చు.

రూట్‌కాదు_సుడో రాశారు:

మూడోది నేను చెప్తాను. అదే ప్లేబుక్‌కి ఇంకో టెంప్లేట్ చేసి చెక్, డిఫ్ (ఫైల్‌లో ఏ వరసలు మారతాయో చూపేది) ఆప్షన్లు ఇవ్వండి, షెడ్యూల్‌లో రోజూ రాత్రి నడిచేలా పెట్టండి. చెక్ మోడ్‌లో అన్సిబుల్ ఏదీ మార్చదు, మార్చాల్సి వస్తే ఏం మార్చేదో చెప్తుంది. కాబట్టి పొద్దున రిపోర్ట్‌లో ఒక సర్వర్ దగ్గర ఛేంజ్డ్ సున్నా కాకపోతే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు, లేదా గిట్‌లో చేరిన మార్పు ఇంకా అక్కడికి వెళ్లలేదు.

దీనికి రెండు హద్దులున్నాయి. షెల్, కమాండ్ మాడ్యూల్స్ చెక్ మోడ్‌లో మామూలుగా నడవవు, వాటి ఫలితం మీద ఆధారపడ్డ తర్వాతి టాస్క్ తప్పుగా ఫెయిల్ అవుతుంది, ఏదీ మార్చకుండా చదివే టాస్క్ అయితే దానికి చెక్ మోడ్ ఫాల్స్ అని రాసుకోవచ్చు. రెండోది, ప్లేబుక్‌లో లేని ఫైల్‌ని ఎవరు మార్చినా ఇది పట్టుకోదు.

డిఫ్‌తో ఇంకో జాగ్రత్త: పాస్‌వర్డ్ ఉన్న టెంప్లేట్ ఫైల్ మారితే ఆ పాస్‌వర్డ్ లాగ్‌లో అచ్చంగా పడుతుంది, వెబ్‌లో అందరికీ కనపడుతుంది. వాల్ట్‌లో (అన్సిబుల్ ఎన్‌క్రిప్షన్) దాచిన విలువైనా అంతే, ఎందుకంటే ఫైల్‌లోకి వెళ్లేటప్పటికి అది తెరుచుకుని ఉంటుంది. అలాంటి టాస్క్‌లకి డిఫ్ ఫాల్స్ లేదా నో లాగ్ పెట్టాకే షెడ్యూల్ ఆన్ చేయండి.

సర్వర్ వారీగా చరిత్ర కావాలంటే ఏఆర్ఏ చూడండి. అది అన్సిబుల్‌కి కాల్‌బ్యాక్ ప్లగిన్‌గా కూర్చుని ప్రతి ప్లే, ప్రతి టాస్క్ ఫలితం రాసుకుంటుంది, ల్యాప్‌టాప్ నుంచి నడిపినా అదే సర్వర్‌కి పంపేలా పెట్టొచ్చు. పెట్టగానే దానికి లాగిన్ ఉండదు, కాబట్టి దాన్నీ ఎన్‌జిన్‌ఎక్స్ వెనకే ఉంచండి.

పోర్ట్22 రాశారు:

502 పోయింది, బూలియనే. అవుట్‌పుట్ నిజంగానే ఆగి ఆగి వచ్చింది, హెడర్లు పెట్టాక సరిగ్గా కదులుతోంది. హోస్ట్ కీలు సరిచూసి పెడుతున్నాను, పాత డెబియన్ మెషీన్లు కొన్ని మిగిలాయి. చెక్ మోడ్ టెంప్లేట్ చేశాను కానీ షెడ్యూల్ ఇంకా పెట్టలేదు, డేటాబేస్ పాస్‌వర్డ్‌లు రాసే టాస్క్‌లు చాలానే ఉన్నాయి, ముందు వాటన్నిటికీ డిఫ్ ఫాల్స్ పెట్టాలి. సుడో (రూట్ హక్కులతో కమాండ్ నడపడం) గురించి ఒక్క ప్రశ్న: డ్యాష్‌బోర్డ్ యూజర్‌కి పాస్‌వర్డ్ లేని సుడో ఇవ్వడమా, లేక పాస్‌వర్డ్ పెట్టి సెమఫోర్‌లో దాచడమా?

జర్నల్_చదవండి రాశారు:

దాచండి. డ్యాష్‌బోర్డ్ పూర్తిగా ఎవరి చేతికైనా చిక్కితే రెండింటికీ పెద్ద తేడా ఉండదు, కానీ కీ ఫైల్ ఒక్కటే బయటికి పోయిన రోజున పాస్‌వర్డ్ అడ్డు నిలుస్తుంది. సుడోలో కొన్ని కమాండ్‌లకే అనుమతి ఇద్దామని మాత్రం చూడకండి, అన్సిబుల్ ప్రతి టాస్క్‌కీ తాత్కాలిక పైథాన్ ఫైల్ పంపి దాన్ని రూట్‌గా నడుపుతుంది, ఆ జాబితా పనిచేయదు.