దృష్టికోణం నేర్పడానికి పాత గోథిక్ (భయం, రహస్యం నిండిన) నవలలు సరైనవేనా?

కథాభ్యాసి:
కొత్తగా కథలు రాసేవాళ్లకి ఆదివారాలు క్లాసులు చెబుతున్నాను. దృష్టికోణం (కథ ఎవరి చూపులోంచి నడుస్తుందన్నది) పాఠానికి స్టీవెన్సన్ 1886లో రాసిన జెకిల్, హైడ్ నవలిక పెడదామంటే నాతో కలిసి చెప్పే మిత్రులు ఒప్పుకోవడం లేదు. ఆ కాలపు లండన్ భయాలు మనవాళ్లకెందుకు అంటారు. ఉత్తమ పురుష, ప్రథమ పురుష, సర్వసాక్షి (అందరి మనసులూ తెలిసిన కథకుడు) అంటూ మనం దీన్ని వ్యాకరణంలా చెప్పేస్తాం. విద్యార్థి "నేను" తీసేసి "అతను" పెట్టి పనైపోయిందనుకుంటాడు. అసలు చూడాల్సింది ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది అన్నది. ఈ నవలిక చాలా భాగం ప్రథమ పురుషలోనే సాగుతుంది. అయినా మనం లాయర్ అటర్సన్ వెంటే తిరుగుతాం, ఆయనకి అంతుపట్టనిది మనకీ అంతుపట్టదు. జెకిల్ తన కథ తనే చెప్పుకునేది చివరి అధ్యాయంలో. అది ముందే పెడితే మిస్టరీ ఎక్కడిది? మీరేమంటారు?

సందేహి:
నేను మీ మిత్రుల వైపే. డాక్టర్ జెకిల్, దుర్మార్గుడు హైడ్ ఒక్కరేనని పుస్తకం తెరవకముందే అందరికీ తెలుసు. అటర్సన్‌కి తెలియకపోవడం అనేది ఈనాటి పాఠకుడి మీద పనిచేయదు. ఇంకో నష్టం కూడా ఉంది. ఒక పత్రికకి వచ్చే కథలు కొంతకాలం చదివాను. ఎడ్గార్ ఎలన్ పో 1843 నాటి కథలో, తనకి పిచ్చి లేదని వాదిస్తూనే తను చేసిన హత్య చెప్పుకునే కథకుడు ఉంటాడు. ఇలాంటివి చదివిన కొత్తవాళ్లు ఆఖరి వాక్యంలో "ఇంతసేపూ చెప్పింది శవం" అని తేల్చే కథలు పంపుతారు. ట్రిక్కు పట్టుబడుతుంది కానీ చూపు రాదు.

పాత పుస్తకాలు:
రహస్యం ముందే తెలియడం పాఠానికి మంచిదేనండీ. తెలిసినవాడికే రచయిత ఎక్కడ దాచాడో కనిపిస్తుంది. అందులో కేర్యూ హత్య ఒక్కటి తీసుకోండి. నది దగ్గర ఇంట్లో పనిచేసే అమ్మాయి రాత్రి పదకొండింటికి మేడమీదికెళ్లి, నిండు వెన్నెల్లో కిటికీ దగ్గర కూర్చుంటుంది. కింద తెల్లజుట్టు పెద్దాయన, అంటే కేర్యూ, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చెయ్యి చూపించడాన్ని బట్టి దారి అడుగుతున్నాడేమో అనుకుంటుంది. రెండోవాడు హైడ్ అని గుర్తుపడుతుంది, ఎందుకంటే ఒకసారి తన యజమానిని చూడ్డానికి వచ్చాడు. తర్వాత కర్ర లేస్తుంది. ఆమె స్పృహ తప్పుతుంది, రెండింటికి గానీ లేవదు. ఆ మధ్య ఏం జరిగిందో పాఠకుడికీ తెలియదు. అదే హత్యని చివర జెకిల్ లోపలి నుంచి చెబుతాడు, కొడుతుంటే కలిగిన ఆనందంతో సహా. ఒకే సంఘటన, ఒకే పుస్తకంలో, రెండు చోట్ల నుంచి! ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చదివిస్తే నిర్వచనాలతో పనేముంది?

రాత్రిబండి:
పుస్తకం ఏదైనా సరే, "ఇప్పుడు రాక్షసుడి వైపు నుంచి రాయండి" అనే అభ్యాసం మాత్రం వద్దు. స్టోకర్ 1897లో రాసిన డ్రాక్యులా అంతా డైరీలు, ఉత్తరాలు, ఓడ లాగ్, ఫోనోగ్రాఫ్ అనే పాత రికార్డింగ్ యంత్రంలో చెప్పిన మాటలు. వాటిని టైపు చేసి వరసలో పెట్టేది మినా అనే పాత్ర. రక్తపిశాచి డ్రాక్యులాకి మాత్రం సొంత డైరీ లేదు, మన భయమంతా ఆ ఖాళీలోనే ఉంది. అతనికి మనసులో మాటలు పెట్టించి రాయిస్తే విద్యార్థి ఆ ఖాళీని పూడ్చేస్తాడు. ఏది చెప్పకూడదో నేర్చుకునే అవకాశం పోతుంది.

కథాభ్యాసి:
రాత్రిబండి గారూ, మేరీ షెల్లీ 1818లోనే ఫ్రాంకెన్‌స్టైన్ నవలలో ఆ పని చేసింది కదా. వాల్టన్ అనే నావికుడు అక్కకి రాసే ఉత్తరాల్లో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ కథ, ఆ కథ నడుమ అతను సృష్టించిన ప్రాణి తన నోటితో చెప్పుకునే కథ. గోడ సందులోంచి ఒక కుటుంబాన్ని చూస్తూ మాటలు నేర్చుకున్నానని అది చెబుతుంటే, అప్పటిదాకా విక్టర్ చూపుతో దాన్ని అసహ్యించుకున్న మనకి జాలి వేస్తుంది. అది మాట్లాడకపోతే ఆ నవలే లేదు. ఎవరి చేత మాట్లాడించాలన్నది ఒక్కో కథకీ విడిగా తేల్చుకోవాలి. అభ్యాసం వద్దనడం ఒప్పుకోను.

సందేహి:
పనిమనిషి కిటికీ మంచి ఉదాహరణే, ఆ పేజీ వరకు ఒప్పుకుంటాను. కానీ చదివించిన వెంటనే రాయించేటప్పుడు హత్య, దెయ్యం, పిచ్చి మూడూ నిషేధించండి. కొత్త కోడలు వంటింట్లో ఉంది, హాల్లో మామగారు ఫోన్లో తన పుట్టింటివాళ్లతో మాట్లాడుతున్నారు, ఆవిడకి సగమే వినబడుతోంది. ఆ సగంతో ఒక పేజీ రాయమనండి. అది రాయలేనివాళ్లకి మీ నవలిక ఇంకా అందలేదని నేనంటాను.